గుండీకి కుడి పక్క

దూడ మళ్లీ గుమ్మానికి గుద్దుకుంది.

వెల్డర్ గ్రైండర్ ఆపి తలెత్తాడు. షెడ్డు గుమ్మం లారీ పట్టేంత వెడల్పుంది. అటూ ఇటూ కావలసినంత చోటుంది. అయినా దూడ కుడి భుజాన్ని ఇనుప స్తంభానికి కొట్టుకుని, స్తంభమే వచ్చి తనను కొట్టినట్టు వెనక్కి గెంతింది. తాడు పట్టుకున్న పిల్ల కూడా దాంతోపాటు గెంతింది.

"వెతికి వెతికి మొద్దుదాన్ని తెచ్చుకున్నావు తల్లీ," అన్నాడు కూతురితో.

"మొద్దు కాదు నాన్నా. దీనికి తొందరెక్కువ."

"తొందరైతే రెండు పక్కలా గుద్దుకోవాలి కదా. ఇదేంటి, ఎప్పుడూ కుడి పక్కేనా?"

అన్నాక ఆ మాట అతనికే గుచ్చుకుంది. గ్రైండర్ బల్ల మీద పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని దూడ దగ్గరికి నడిచాడు.

దూడ ఇంటికి వచ్చి నెల కాలేదు. నుదుటి మీద చొక్కా గుండీ అంత తెల్లమచ్చ ఉంటే పిల్ల దానికి గుండీ అనే పేరు పెట్టుకుంది. దాన్ని ఇచ్చింది పిల్లల క్లబ్బు. ఆ క్లబ్బు నడిపేది పోస్టమ్మ. ఆమె వారమంతా సైకిలు మీద ఉత్తరాలు పంచుతుంది, ఆదివారం అదే సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి పిల్లల దూడలను చూస్తుంది. క్లబ్బులో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక పెయ్యదూడ ఇస్తారు. ఏడాది పాటు మేత, నీళ్లు, పేడ, మందు అన్నీ చేరిన పిల్లలే చూసుకోవాలి. పెద్దవాళ్లు చెయ్యి పెట్టకూడదు. ఏడాది చివర పోటీ ఉంటుంది. బరిలో దూడను నడిపించి, నిలబెట్టి, జడ్జి అడిగినదానికి జవాబు చెప్పి నెగ్గుకొస్తే దూడ వాళ్లదవుతుంది. లేకపోతే క్లబ్బు కొట్టానికి తిరిగి వెళ్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. దూడలో లోపం కనిపిస్తే వెంటనే చెప్పాలి. క్లబ్బు దాన్ని వెనక్కి తీసుకుని వేరే దూడనిస్తుంది. కిందటేడు ఒక కుంటి దూడ అలాగే వెనక్కి వెళ్లింది. కొన్నాళ్లు కొట్టంలో కట్టేశారు. తర్వాత ఒకరోజు బడికి వెళ్తున్న పిల్లలకు అది కబేళా బేరగాడి వ్యానులో కనిపించింది. ఆ పూట వెల్డర్ కూతురు ఇంటికి వచ్చి ఏమీ తినలేదు.

వెల్డర్ దూడకు ఎడమ పక్కన నిలబడి కంటి ముందు వేలు ఆడించాడు. రెప్ప పడింది. కుడి పక్కకు వచ్చి ఆడించాడు. పడలేదు. వేలు ఇంకా దగ్గరికి తెచ్చాడు. దూడ నెమరు వేస్తూనే ఉంది. కన్ను చూడటానికి బాగానే ఉంది. నల్లగుడ్డు ఉంది, తడి ఉంది, రెప్ప వెంట్రుకలు ఉన్నాయి. పైపైన చూసేవాళ్లకి అనుమానం రాదు.

"చూపు లేదు," అన్నాడు.

పిల్ల దూడ మొహాన్ని తన వైపు తిప్పుకుంది. "నీకెలా తెలుసు?"

"నా కంటికి తెలుసు."

అతని కుడి కన్ను గాజుది. వేరే ఊళ్లో పనిచేసే రోజుల్లో గ్రైండర్ నుంచి ఇనుప పొట్టు ఎగిరి తగిలింది. అద్దాలు ఆ సమయానికి మెడలో వేలాడుతున్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక పాత గిరాకీ ఒక్కొక్కటే పక్క షాపుకి మళ్లింది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. ఒంటికన్నువాడు అతుకు తిన్నగా వేస్తాడా అని వాళ్ల అనుమానం. అందుకే ఈ ఊరు వచ్చి షెడ్డు వేసుకున్నాక అతను ఎవరికీ చెప్పలేదు. భార్యకు, కూతురికి తప్ప ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు లేరు. బజారులో భార్య ఎప్పుడూ అతని కుడి పక్కనే నడుస్తుంది. చూసేవాళ్లు ఆలుమగల అన్యోన్యం అనుకుంటారు. అటు నుంచి సైకిలు వస్తే ఆమె మోచేత్తో పొడుస్తుంది, అంతే.

"పోస్టత్తకి చెప్పాలా నాన్నా?" అంది పిల్ల. క్లబ్బు పిల్లలందరికీ పోస్టమ్మ అత్తే.

"చెప్తే ఏమవుతుంది?"

"వ్యాను."

వెల్డర్ దూడ మెడ మీద చెయ్యి వేశాడు. పెద్దవాళ్లు చెయ్యి పెట్టకూడదన్న సంగతి గుర్తొచ్చి తీసేశాడు.

"అయితే నాకూ తెలీదు, నీకూ తెలీదు," అన్నాడు.

వెనక నుంచి వెల్డర్ భార్య గొంతు వినిపించింది. భర్తకు టీ పట్టుకొచ్చి, గ్లాసు అతని ఎడమ చేతి వైపు పెడుతోంది. "నాకూ తెలీదు. ఈ ఇంట్లో నాకు తెలీకుండా ఏం జరిగిందని ఇప్పుడు ఇది జరగడానికి."

*

మర్నాటి నుంచి వెల్డర్ పనిచేస్తూనే పాఠం చెప్పాడు. చెయ్యి పెట్టకూడదన్నారు కానీ నోరు పెట్టకూడదని ఎవరూ అనలేదు కదా అని అతని వాదన.

"కుడి పక్కన నువ్వుండాలి. దాని భుజానికి నీ తుంటి ఆనాలి. అటు నుంచి ఏదొచ్చినా ముందు నిన్ను తగలాలి, తర్వాతే దాన్ని. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు మాట్లాడుతూ వెళ్లు."

"దూడతో ఏం మాట్లాడను?"

"మీ అమ్మ నాతో ఏం మాట్లాడుతుంది? ఏదో ఒకటి. సగం తిట్లే."

పిల్లకు క్లబ్బులో గునపం అని పేరు. ఒకచోట దిగితే కదలదని. ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే బడికి ముందు కొట్టం కడిగేది. మేత తనే మోసేది. సాయంత్రం దూడను తీసుకుని ఊరి చుట్టూ తిరిగేది. మొదట మనుషులు లేని వీధులు. తర్వాత పిల్లలు ఆడుకునే వీధి. తర్వాత పిండిమర ముందు. మర చప్పుడుకి గుండీ మొదటి రోజు తాడు తెంపుకున్నంత పని చేసింది. పిల్ల అరచేతులు ఒరుసుకుపోయాయి. మర్నాడు చేతులకు గుడ్డలు చుట్టుకుని మళ్లీ అక్కడికే తీసుకెళ్లింది. ఆ మర్నాడు కూడా. చివరికి పిండిమర ఆయనే విసిగి, "ఏమ్మా, నీ దూడేమైనా పిండి పట్టిస్తుందా?" అని అడిగాడు. ఆ రోజు గుండీ మర ముందు నిలబడి నెమరు వేసింది.

దూడతో ఆమె మాటలు షెడ్డులోకి వినిపించేవి. బడిలో లెక్కల మాస్టారి మీద ఫిర్యాదులు, పక్కింటి కోడి మీద అభాండాలు, అమ్మ మీద చాడీలు. గొంతు ఆగితే గుండీ చెవులు వెనక్కి తిరిగేవి. మొదలైతే ముందుకు వచ్చేవి.

ఒకరోజు వెల్డర్ షెడ్డు లోపలి నుంచి చూస్తున్నాడు. కూతురు తన కుడి కంటికి రుమాలు కట్టుకుని, దూడను పట్టుకోకుండా, ఒక్కతే పెరట్లో నడుస్తోంది. బకెట్టుకి తన్నుకుంది. దండెం గుంజకి భుజం తగిలించుకుంది. గుంజను చేత్తో తడిమి, రుమాలు తీసి, అది ఎంత దూరంలో ఉందో చూసుకుంది. మళ్లీ రుమాలు కట్టుకుంది. వెల్డర్ చూపు తిప్పుకుని రాడ్డు వెలిగించాడు. ఇన్నేళ్లలో తనకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఎవరూ అలా నడిచి చూడలేదు.

చిక్కంతా ఆదివారాలు వచ్చేది. దూడను నడిపేవాళ్లు దానికి ఎడమ పక్కన ఉండాలి. క్లబ్బులో మొదటి పాఠమే అది. పోస్టమ్మ సైకిలు స్టాండు వేసి నడిపించమనేది. గునపం కుడి పక్కన నడిచేది.

"ఎడమ, ఎడమ! ఏ చేత్తో రాస్తావే నువ్వు?"

"కుడి అత్తా."

"రెండోది ఎడమ. అటు వెళ్లు."

పిల్ల తలూపేది. సైకిలు సందు తిరిగేదాకా ఎడమ పక్కన నిలబడేది. తర్వాత కుడి పక్కకు వచ్చేసేది. ఇలా కొన్ని వారాలు జరిగాక పోస్టమ్మ ఉత్తరాల కట్టకు చుట్టే ఎర్రదారం తెంచి పిల్ల ఎడమ మణికట్టుకి కట్టింది. "ఈ దారం ఉన్న పక్క ఎడమ. ఇంకా గుర్తు లేకపోతే కాలికి కూడా కడతాను."

పిల్లలు నవ్వారు. అందరికంటే గట్టిగా ప్రెసిడెంటు నవ్వాడు. సెలూన్ ఆయన కొడుకు. క్లబ్బు ఎన్నికలో గెలిచిన రోజు నుంచి వాడిని ఊరంతా ప్రెసిడెంటనే పిలుస్తోంది, వాడి తండ్రితో సహా. తన దూడ తోకను వాడు సెలూన్ దువ్వెనతో దువ్వుతాడు. "గునపానికి ఎడమేంటి, కుడేంటి పోస్టత్తా, రెండు పక్కలా మొండే," అన్నాడు.

గునపం ఎర్రదారం ఏడాదంతా ఉంచుకుంది, కుడి పక్కనే నడిచింది.

*

పోటీకి బరి కట్టే పని వెల్డర్‌కే వచ్చింది. పాల కేంద్రం వెనక మైదానంలో గుండ్రంగా ఇనుప గొట్టాలు పాతి, నడుముకి ఒక కమ్మీ, మోకాలికి ఒక కమ్మీ వేశాడు. లోపలికి రావడానికి ఒక గేటు. పని చూడటానికి వచ్చిన కూతురు కమ్మీ మీద కూర్చుని తన లెక్క చెప్పింది.

"ఓడిపోకూడదు నాన్నా. కానీ బాగా చెయ్యకూడదు."

"అదేం లెక్క?"

ఆమె చెప్పింది. నెగ్గుకొచ్చినవాళ్లందరికీ దూడలు దక్కుతాయి. వాళ్లలో మంచివాళ్లను కొందరిని ఏరి జడ్జి చివరి జట్టుగా నిలబెడతాడు. ఆ జట్టుకి ఇంకో పరీక్ష ఉంటుంది. తాళ్లు మార్చుకోవాలి. తన దూడతో ఎవడైనా నడుస్తాడు, పక్కవాడి దూడతో నడిచేవాడికే పశువు తెలుసు అన్నది క్లబ్బు పద్ధతి. గుండీ తాడు ఇంకొకరి చేతికి వెళ్తే వాళ్లు ఎడమ పక్కన నడుస్తారు. కుడి పక్క ఖాళీ అవుతుంది.

"బెదురుతుంది. వాళ్లని తొక్కినా తొక్కుతుంది. అందరికీ తెలిసిపోతుంది. అందుకని చివరి జట్టులోకి రాకూడదు. కుడి పక్కన నడుస్తాను కాబట్టి మార్కులు ఎలాగూ తగ్గుతాయి. ప్రశ్నలకి కొన్ని తప్పులు చెప్తాను. అత్తెసరుగా నెగ్గుకొస్తాను. అంతే."

వెల్డర్ రాడ్డు మార్చుకుంటూ ఆలోచించాడు. లెక్కలో తప్పేమీ కనపడలేదు. తను ఈ ఊళ్లో బతుకుతున్న లెక్క కూడా దాదాపు అదే.

"సరే," అన్నాడు. "మధ్యలో ఉండు."

*

పోటీ రోజు పొద్దున్న మైదానం నిండింది. జడ్జి పక్క ప్రాంతం నుంచి వచ్చిన పెద్దాయన, జీవితమంతా పశువుల మధ్య గడిపినవాడు. కర్ర ఊతంతో బరి చుట్టూ ఒకసారి నడిచి, కమ్మీ మీద చెయ్యి వేసి, ఆ చివర నుంచి ఈ చివర వరకు చూశాడు.

"ఈ కమ్మీలు ఎవరు కట్టారయ్యా? గీత గీసినట్టున్నాయి."

"మా వెల్డరేనండి," అంది పోస్టమ్మ.

పెద్దాయన తలూపాడు. వెల్డర్ తల తిప్పి ఎడమ కన్నుతో నవ్వినట్టు చేశాడు. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మొహం ఆ పక్కే కనపడేలా ఉంచుతాడు.

పిల్లలు దూడలతో బరిలోకి దిగారు. అందరూ ఎడమ పక్కన, గునపం ఒక్కతే కుడి పక్కన. జనంలో ఎవరో "ఆ పిల్లేంటి తిరగేసి నడుస్తోంది?" అన్నారు. పోస్టమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. వెల్డర్ కమ్మీ అవతల కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్య అతని కుడి మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది.

జడ్జి పక్కలు చూడలేదు. ఆయన దూడల చెవులు చూస్తున్నాడు. అది కనిపెట్టడానికి వెల్డర్‌కు కొంతసేపు పట్టింది. కొన్ని దూడల చెవులు జనం వైపు తిరిగి ఉన్నాయి, కొన్ని గేటు వైపు. గుండీ చెవులు రెండూ పిల్ల వైపు ఉన్నాయి. పిల్ల పెదవులు కదులుతున్నాయి. లెక్కల మాస్టారో, పక్కింటి కోడో.

నిలబెట్టమన్నారు. కాళ్లు సమంగా వచ్చేలా నిలబెట్టాలి. గునపం లెక్క ప్రకారం ఆలస్యం చేసింది. చేతులు కట్టుకుని ఊరుకుంది. గుండీ ఒక కాలు వెనక్కి, ఒక కాలు ముందుకి జరిపి తనంతట తనే సమంగా నిలబడింది. రోజూ అలా నిలబడ్డదానికి ఇవాళ వంకరగా ఉండాలని ఎవరు చెప్తారు?

జడ్జి దగ్గరికి వచ్చాడు. "ఎండాకాలం దూడకి నీళ్లు ఎన్నిసార్లు పెడతావమ్మా?"

"తెలీదండి."

"తెలీదా?"

"తెలీదండి," అంటూనే ఆమె వేళ్లు గుండీ చెవి వెనక్కి వెళ్లి, ఒక గోమారిని పట్టి లాగి, గోటితో నలిపి, ఆ చోట ఉమ్మి తడి రాశాయి. నోరు తెలీదంటోంది, చెయ్యి ఊరుకోలేదు. పెద్దాయన ఆ చేతిని చూశాడు. తర్వాతి దూడ దగ్గరికి వెళ్లాడు.

చివరి జట్టును పిలిచినప్పుడు మొదటి పిలుపు ప్రెసిడెంటుది. రెండోది గునపానిది.

వెల్డర్ భార్య చెయ్యి బిగుసుకుంది. "దీనికి చెడగొట్టడం కూడా రాదా?" అంది గొణుగుతూ.

"నీ పోలికే," అన్నాడు వెల్డర్.

జట్టు వరుసగా నిలబడింది. పెద్దాయన కర్ర పైకెత్తాడు. "తాళ్లు మార్చండి."

ప్రెసిడెంటు తన దూడ తాడు గునపం చేతిలో పెట్టాడు. గుండీ తాడు కోసం చెయ్యి చాపాడు. గునపం ఇవ్వలేదు. తాడును పిడికిట్లో చుట్టుకుని నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే కాసేపట్లో ప్రెసిడెంటు గుండీతో కమ్మీ మీదికి వెళ్తాడు. జనం వాడు తడబడ్డాడనుకుంటారు. గెలుపు తనదవుతుంది. గుండీ ఇంట్లోనే ఉంటుంది. ఇవన్నీ కూతురికి తెలుసునని వెల్డర్‌కు తెలుసు. మధ్యలో ఉండమని చెప్పింది తనే.

"ఇవ్వవే," అన్నాడు ప్రెసిడెంటు. "నీ దూడని తినేయను."

గునపం తండ్రి ఉన్నవైపు ఒకసారి చూసింది. అనుమతి అడిగే చూపు కాదు. వెళ్లొస్తానని చెప్పే చూపు. తర్వాత గొంతు తగ్గించకుండా చెప్పింది.

"దీనికి కుడి కన్ను కనపడదు. నువ్వు కుడి పక్కన నడువు. భుజం మీద చెయ్యి తియ్యకు. మాట్లాడుతూ ఉండు, ఆగితే భయపడుతుంది."

ప్రెసిడెంటు నోరు వెళ్లబెట్టాడు. "ఏం మాట్లాడాలి?"

"ఏదైనా. నీకు మాటలకి కరువా?"

తాడు చేతులు మారింది. ప్రెసిడెంటు దూడ చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్లాడు. క్లబ్బు ప్రెసిడెంటు, మొదటి పాఠం అందరికీ నేర్పేవాడు, ఊరందరి ముందు తప్పు పక్కన నిలబడ్డాడు. గుండీ భుజం మీద చెయ్యి వేసి కదిలాడు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా ఉన్నవాళ్లకు వినిపించింది. తను క్లబ్బు ఎన్నికలో ఇచ్చిన ఉపన్యాసం మొదటి నుంచి అప్పజెప్తున్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరో గడియ వదిలేశారు. గేటు స్తంభానికి కొట్టుకుని ఖణేలుమంది. సరిగ్గా కుడి పక్కన. గుండీ వీపు వణికింది. ప్రెసిడెంటు దానికి ఇంకా దగ్గరగా జరిగాడు. చెయ్యి తియ్యలేదు. ఉపన్యాసం ఆపలేదు. గుండీ నడిచింది.

బరికి అటువైపు గునపం ప్రెసిడెంటు దూడను నడిపిస్తోంది, ఎడమ పక్కన. ఎర్రదారం ఉన్న చెయ్యి తిన్నగా, భుజం తిన్నగా, ఒక్క అడుగు అటూ ఇటూ కాకుండా.

పోస్టమ్మ చూస్తూ ఉండిపోయింది. "దీనికి ఎడమ తెలుసా!" అంది.

*

పెద్దాయన గుండీ కంటి ముందు వేలు ఆడించి చూసి, గునపాన్ని పిలిచాడు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"వచ్చిన కొత్తలోనే తెలిసిందండి."

"ఎవరు కనిపెట్టారు?"

ఆమె నేల చూసింది. వెల్డర్ కమ్మీల మధ్య నుంచి దూరి బరిలోకి వచ్చాడు. తను కట్టిన కమ్మీకే తల తగిలింది, కుడి పక్క.

"నేనండి. చెప్పొద్దని చెప్పింది కూడా నేనే. పిల్ల తప్పేం లేదు."

"పైకి తెలియని కన్ను నీకెలా తెలిసింది?"

వెల్డర్ ఆయనకు ఎదురుగా తిరిగాడు, మొహం మొత్తం కనపడేలా. "నాకూ కుడి కన్ను లేదండి. ఇది గాజుది."

జనంలో గుసగుస మొదలైంది. పిండిమర ఆయన పక్కనున్నవాడితో "మా ఇంటి మెట్ల పిట్టగోడ కమ్మీలు ఈయనే వేశాడు," అన్నాడు. పక్కవాడు "మా గేటు కూడా," అన్నాడు. కాసేపు ఎవరెవరికి ఏమేం కట్టాడో చెప్పుకున్నారు. ఒక్కటీ వంకరగా ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

పెద్దాయన కమ్మీల వైపు మళ్లీ చూశాడు. జనం వైపు తిరిగాడు. "నేను చాలా బరులు చూశాను. తాళ్లు మార్చమంటే పక్కవాడికి తన దూడ గుట్టు చెప్పినవాళ్లని చూడలేదు. పక్కవాడు తడబడితే తనకే కదా లాభం." ఆగి, ప్రెసిడెంటుని చూపించాడు. "చెప్తే విన్నవాడిని కూడా చూడలేదు."

మొదటి స్థానం ప్రెసిడెంటుకి ఇచ్చాడు. గునపానికి ఏ స్థానమూ రాలేదు. లోపం దాచిన దూడకు పోటీలో చోటు లేదు. నియమం పోస్టమ్మ పెట్టిందే. గుండీ తాడు అందుకోవడానికి ఆమే బరిలోకి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"నియమం నాదే. నేనే తప్పితే రేపు ఎవరూ నిలబడరు. దూడ కొట్టానికి రావాలి."

"తెలుసత్తా," అంది గునపం. తాడు ఇచ్చేసింది. ఏడవలేదు. తాడు ఇచ్చిన చెయ్యి మాత్రం తెరిచే ఉంది. "వ్యాను ఎక్కించకు."

కుంటి దూడను పంపింది పోస్టమ్మే. కొట్టంలో చూసేవాళ్లు లేక పంపింది. పిల్లలు అది చూశారని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"చూసేవాళ్లు ఉంటే ఎందుకు ఎక్కిస్తాను?" అంది.

"నేను చూస్తాను."

"నీ దూడ కాకపోయినా?"

"నా దూడ కాకపోతే దానికి కన్నొస్తుందా అత్తా?"

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. వాడికి అలవాటు. "కొత్తగా చేరేవాళ్లకి ముందు ఈ దూడనే ఇవ్వాలి పోస్టత్తా. నేర్చుకోవడానికి. నేను ఏడాదిలో నేర్చుకోనిది ఇవాళ ఒక్క చుట్టులో నేర్పింది." తర్వాత ఏదో తక్కువైనట్టు, "క్లబ్బు ప్రెసిడెంటుగా చెప్తున్నాను," అన్నాడు.

పోస్టమ్మ గునపం ఎడమ చెయ్యి పట్టుకుంది. పళ్లతో ఎర్రదారం ముడి విప్పి జేబులో వేసుకుంది. "ఏడాదంతా నన్ను వెర్రిదాన్ని చేశావు కదే," అంది. ఆ గొంతులో కోపం వెతికినా దొరకదు.

*

క్లబ్బు కొట్టానికి గేటు పాతది, కుడి పక్కకు తెరుచుకునేది. లోపలికి వచ్చే గుండీకి గేటు రెక్క చప్పుడు కనపడని పక్క నుంచి వచ్చేది. వెల్డర్ దాన్ని ఊడదీసి, బందులు అటువైపు నుంచి ఇటువైపుకి మార్చి మళ్లీ అతికాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. పిండిమర ఆయన దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"అడగొచ్చో లేదో కానీ, ఒక్క కన్నుతో తిన్నగా ఎలా పెడతావయ్యా?"

వెల్డర్ గేటు చివర నుంచి చూసుకుంటున్నాడు. ఈ జవాబు అతని దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉంది. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"తిన్నగా ఉందో లేదో చూడాలంటే అందరూ ఒక కన్ను మూసుకుంటారు. నాకు ఆ శ్రమ లేదు."

పిండిమర ఆయన నవ్వి, తనూ ఒక కన్ను మూసి గేటు చివర నుంచి చూశాడు. తిన్నగానే ఉంది.

లోపల గునపం కొత్తగా చేరిన పిల్లలను గుండీ పక్కన వరుసగా నిలబెట్టింది. అందరి కుడి కళ్లకు రుమాళ్లు కట్టి ఉన్నాయి. ముందున్న చిన్నది బకెట్టుకి తన్నుకుని కెవ్వుమంది.

"ఇప్పుడు తెలిసిందా?" అంది గునపం. "సరే, రుమాలు తియ్యి. దూడ దగ్గరికి వెళ్లు. వెళ్లేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడనక్కా?"

"మీ ఇంట్లో ఎవరి మీద కోపంగా ఉంది నీకు?"

చిన్నది ఆలోచించింది. దూడ కుడి భుజం మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. గుండీ చెవులు ముందుకు తిరిగాయి.